చారల చొక్కా ఆయన ఎవరి మనిషి

మొన్న పులివెందులలో ఉంటున్న మా తమ్ముణ్ణి చూసి రావాలని బయలుదేరి, ప్రొద్దుటూరు బస్టాండు చేరేసరికి కళ్లముందే బస్సు కదిలి వెళ్లిపోతే, ఇక చేసేదేముందని ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చుని ఉగ్గాని బజ్జీ చెప్పాను. గోడమీది టీవీలో ఏదో ఆట వస్తోంది. తెల్లటి నేల, దానిమీద టోపీలు బిగించుకుని వంకర కట్టెలు పట్టుకుని జారిపోతున్న మనుషులు, వాళ్ల కాళ్ల మధ్య ఒక నల్ల బిళ్ల. బల్లలు తుడుస్తున్న ఆయన అటు చూసి, "ఏంది మేడం ఈ ఆట, కట్టెలు తీసుకొని కొట్టుకుంటాండారు, క్రికెట్టు పెడతా ఉండు" అని ఛానలు మార్చబోతే నేను ఎంగిలి చేత్తోనే ఆగమని సైగ చేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు, తల నెరిసిన ఆడమనిషికి ఈ పిచ్చి ఏమిటనుకుని ఉంటాడు. ఇంతలో ఆటలో ఒకడు ఇంకొకణ్ణి గోడకేసి అదిమాడు, చారల చొక్కా వేసుకున్న ఒకాయన ఈల ఊది ఆ అదిమినవాణ్ణి తీసుకుపోయి పక్కనున్న గదిలో కూర్చోబెట్టాడు. పళ్లెం పక్కకు జరిపి తెరకేసి చూస్తూ ఉండిపోయాను. తర్వాతి బస్సు కూడా అలాగే పోయింది.

ఆ ఆటను నేను ఆడాను. జమ్మలమడుగులో, మండుటెండల్లో, మంచు అంటే ఏమిటో తెలియకుండానే ఆడాను. మా తమ్ముడికి తప్ప ఈ సంగతి ఇప్పుడు ఎవరికి చెప్పినా నవ్వుతారు గాని, నా ఈడువాళ్లు, ఆ రోజుల్లో మా వైపు బతికినవాళ్లు నవ్వరని నాకు నమ్మకం. కోర్టు వాయిదా రోజు అంగళ్ల షట్టర్లు సగం దించి ఉండటం, జీపు చప్పుడు వినబడితే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కోవటం, తాగటానికి నీళ్లడిగినవాడు ఎవరి మనిషో తెలుసుకున్నాకే చెంబు ముంచటం, ఇవన్నీ వాళ్లకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్లు తెలియకుండానే ఉండటం మంచిది.

నేను అప్పుడు జమ్మలమడుగులో ఒక ఆసుపత్రిలో నర్సుగా కొత్తగా చేరాను. ఆసుపత్రి వెనకాలే ఇచ్చిన రెండు గదుల క్వార్టర్సులో నేనూ మా అమ్మా ఉండేవాళ్లం. బడిపంతులుగా పనిచేసిన నాన్న అప్పటికే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. తమ్ముడు కువైట్‌లో ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవరు. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు అందరి తమ్ముళ్లూ తెచ్చినట్టే వాడూ మెత్తటి దుప్పటి, సెంటు సీసాలు, టేపురికార్డరు తెచ్చాడు. వాటితోపాటు అరబ్బుల పిల్లలు ఆడి ఆడి విసుగొచ్చి పడేసిన ఒక వీడియో గేమ్ డబ్బా కూడా తెచ్చాడు. దానికి రెండు రిమోట్లు, ఒకే ఒక్క క్యాసెట్టు. మంచి ఆటల క్యాసెట్లన్నీ ఆ పిల్లలు తమ దగ్గరే ఉంచుకుని, ఎవరికీ అక్కర్లేని ఈ మంచు హాకీ ఒక్కటి వీడి మొహాన కొట్టారన్నమాట. వీడేమో అదేదో బంగారమైనట్టు చొక్కాల మధ్య చుట్టుకుని తీసుకొచ్చాడు.

మా ఇంట్లో ఏ కొత్త వస్తువైనా ప్రార్థన చేసి గాని వాడకూడదు. కుక్కరుకు చేశారు, కుట్టుమిషనుకు చేశారు, కాబట్టి దీనికీ మా అమ్మ తలమీద కొంగు వేసుకుని, ఈ ఆట వల్ల ఈ ఇంటికి ఏ కీడూ రాకుండా కాపాడమని ప్రార్థన చేసింది. ఆ తర్వాతే తమ్ముడు స్విచ్ వేశాడు. మాది నలుపు తెలుపు టీవీ. తెరంతా తెల్లగా వెలిగి, దానిమీద చీమల్లాంటి మనుషులు అటూ ఇటూ జారటం మొదలుపెట్టారు. మా ఊళ్లో మంచుగడ్డ అంటే సోడా బండ్లవాళ్లకోసం ఐసు ఫ్యాక్టరీ నుంచి గోనెపట్టలో చుట్టుకొచ్చే గడ్డే. దానిమీద మనిషి నిలబడి ఆడటమన్నది మా అమ్మ బుర్రకు ఎక్కలేదు. అది సున్నం కొట్టిన కళ్లమని, వాళ్లు నూర్పిళ్లు అయిపోయాక ఆడుకుంటున్నారని తనకు తానే తీర్మానించుకుంది. నేను ఎంత చెప్పినా కడదాకా ఆ మాటమీదే ఉంది.

సెలవు అయిపోయి తమ్ముడు వెళ్లిపోయాడు, డబ్బా ఉండిపోయింది. పొద్దుటి డ్యూటీ దిగి మధ్యాహ్నం ఇంటికొచ్చాక నేను తలకూడా దువ్వుకోకుండా దానిముందు కూర్చునేదాన్ని. అబద్ధమెందుకు, నాకు పిచ్చి పట్టింది. వార్డులో పొద్దంతా నరికిన గాయాలు, పేలిన చేతులు చూసి చూసి వచ్చినదానికి, ఆ తెల్ల నేలమీద రక్తమన్నది లేకుండా పడి లేచే మనుషుల్ని చూస్తే ప్రాణం తేలికపడేది. పెండ్లి కావలసిన పిల్లకు కట్టెలాట ఏమిటని మా అమ్మ తిట్టేది గాని, ఎవరు గెలిచారో మాత్రం అన్నం పెడుతూ తప్పకుండా అడిగేది.

మా క్వార్టర్సుకు ఆనుకుని ఉన్న ఇంట్లో ఒక పెద్దావిడ అద్దెకుండేది. మా చుట్టుపక్కల పల్లెల్లో పేరు మోసిన ఒక వర్గపు నాయకుడికి తల్లి. షుగరు వల్ల పాదం మీద పుండు పడితే డ్రెస్సింగు చెయ్యటానికి నేను వెళ్లేదాన్ని, ఆ వీధిలో అందరూ ఆమెను అవ్వ అనేవాళ్లు. ఆమెతోపాటు ఒక మనవడు ఉండేవాడు, పదకొండు పన్నెండేళ్లవాడు. ఊళ్లో ఉంచితే ప్రమాదమని తండ్రి చదువు పేరుతో ఇక్కడ పెట్టాడు. బడికి పోయినా రెండడుగుల వెనక ఒక మనిషి, మూత్రానికి పోయినా రెండడుగుల వెనక అదే మనిషి. వీధిలో గోళీలాడటానికి లేదు, చెట్టెక్కటానికి లేదు. ఆ పిల్లవాడు గేటు కడ్డీలు పట్టుకుని వీధిలోకి చూస్తూ నిలబడి ఉండేవాడు. ఒకరోజు కట్టు కట్టటం అయ్యాక, మా ఇంట్లో ఒక ఆట ఉంది, వీణ్ణి పంపమని అవ్వను అడిగాను. ఆసుపత్రివాళ్ల ఇల్లు కాబట్టి, మేము ఎవరి జోలికీ పోనివాళ్లం కాబట్టి అవ్వ సరేనంది. వెంట మనిషి మాత్రం రావలసిందేనంది. ఆ మనిషి బాంబుల సంచితో మా గడప తొక్కటానికి వీల్లేదని మా అమ్మ అడ్డం పడితే, ఆయన నోరెత్తకుండా సంచి అవ్వ ఇంట్లో పెట్టి వచ్చి మా వాకిట్లో గొంతుకూర్చున్నాడు.

ఇంకొక పిల్లవాడు మా ఆసుపత్రి ఆయా కొడుకు. ఆమె మొగుణ్ణి వాళ్ల ఊరి పొలంలోనే చంపారు. ఆ తర్వాత ఊళ్లో ఉండలేక ఈ పనిలో చేరింది. ఆ పిల్లవాడు అప్పుడు తండ్రితో పొలానికి వెళ్లి మోటరు కొట్టంలో ఉన్నాడు, తలుపు సందులోంచి అంతా చూశాడు. చంపినవాళ్లలో మొదటి ముద్దాయి ఎవరయ్యా అంటే అవ్వ కొడుకు. ఈ పిల్లవాడి ఊరూ అవ్వగారి ఊరూ ఒకటే, వర్గాలే వేరు. కేసు ప్రొద్దుటూరు కోర్టులో ఉండేది. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఆయా కొడుకును సెలవురోజు పొద్దున్న రమ్మనేదాన్ని, అవ్వ మనవణ్ణి సాయంత్రం రమ్మనేదాన్ని. ఇద్దరూ పిల్లలే, ఇద్దరికీ ఆట ఇష్టమే, ఒకరి కంట ఒకరు పడకుండా చూసుకుంటే చాలనుకున్నాను.

అయితే మన కరెంటు సంగతి మీకు తెలిసిందే. ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చేసరికి కరెంటు లేదు, ఆయా కొడుకు మా ఇంట్లో దానికోసం కాచుకుని కూర్చున్నాడు. పిల్లవాడు ఆశతో ఉన్నాడు గదా అని నేనూ పొమ్మనలేకపోయాను. కరెంటు వచ్చేసరికి సాయంత్రమైంది, అదే సమయానికి అవ్వ మనవడు గడపలోకి వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వాకిట్లో ఉన్న మనిషి లేచి నిలబడ్డాడు. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆ పిల్లలు మాత్రం చాపమీద కూర్చుని చెరొక రిమోటు తీసుకున్నారు.

మొదట ఎదురెదురుగా ఆడారు. అది ఆట కాదు. బిళ్లను వదిలేసి ఒకరి మనుషుల్ని ఒకరు గోడకేసి కొట్టటమే పని. ఆ ఆటలో దెబ్బ మితిమీరితే చారల చొక్కా ఆయన వచ్చి కొట్టినవాణ్ణి తీసుకుపోయి పక్కనున్న పెట్టెలో కూర్చోబెడతాడు, కాసేపు ఆ పక్షానికి ఒక మనిషి తక్కువతో ఆడాలి. ఆరోజు ఆ పెట్టె ఖాళీ అయిందే లేదు. నాకు ఒళ్లు మండి ఇద్దరి చేతుల్లోంచీ రిమోట్లు లాక్కుని చాపమీద పడేశాను. ఆ డబ్బాలో ఇద్దరూ ఒకే పక్షంలో చేరి మిషనుతో ఆడే వీలుంది. అలా ఆడేటట్టయితే ఆడండి, లేకపోతే లేచి పొండి అన్నాను. తర్వాత అవ్వ మనవడు ఒక రిమోటు ఆయా కొడుకు వైపు జరిపాడు.

ఆ తర్వాత కొన్ని నెలలపాటు మా ఇంట్లో జరిగింది ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. ఒకడు బిళ్ల అందిస్తే ఇంకొకడు కొట్టేవాడు. ఓడిపోతే ఇద్దరూ కలిసి క్యాసెట్టును తిట్టి, బయటికి లాగి, నోటితో ఊది మళ్లీ పెట్టేవాళ్లు. ఊరి పేరు గాని, నాయన అన్న మాట గాని వాళ్ల నోట ఎప్పుడూ వచ్చేది కాదు. ఎవరూ వాళ్లకు చెప్పకుండానే ఆ హద్దు వాళ్లే గీసుకున్నారు. మా అమ్మ ఇద్దరికీ ఒకే పళ్లెంలో బొరుగులు పోసి పెట్టేది. వెంట మనిషి ఈ సంగతి అవ్వకు చెప్పాడని నాకు తెలుసు. అయినా అవ్వ మనవణ్ణి పంపటం మానలేదు.

ఆ వెంట మనిషి కూడా మెల్లిగా వాకిట్లోంచి గుమ్మం దాకా, గుమ్మంలోంచి చాప అంచు దాకా వచ్చేశాడు. ఏ రంగు చొక్కాలవాళ్లు మనవాళ్లని అడిగితే, మా టీవీకి రంగులు తెలియవు పోప్పా అన్నాను. ఆయనకు అసలు అనుమానం చారల చొక్కా ఆయన మీద.

"సిస్టరమ్మా, మద్దెలో తిరుగుతాండాడే ఆయప్ప, ఎవురి మనిషి?"

ఎవరి మనిషీ కాదన్నాను. ఆయన చిన్నపిల్లను చూసి నవ్వినట్టు నవ్వాడు. "ఎవురి మనిషీ కాకుండా మద్దెలో యట్లుంటాడు మా? ఒగ దినం కాకపోతే ఒగ దినం బయటపడతాడు సూడు." ఇక అప్పటినుంచి ఆయన ఆట చూడటం మానేసి ఆ చారల చొక్కాను కాపలా కాయటం మొదలుపెట్టాడు. ఏ పక్షంవాణ్ణి ఎక్కువ పెట్టెలో కూర్చోబెడుతున్నాడు, ఎవరి దెబ్బ చూసీ చూడనట్టు పోతున్నాడు అని కళ్లు చికిలించుకుని చూసేవాడు. ఎంత చూసినా ఆచూకీ దొరకలేదు. అది ఆ మనిషిని నిజంగా బాధపెట్టింది. చివరికి ఒకరోజు, "వాడు నీ మనిషి సిస్టరమ్మా, నీ ఇంట్లో ఉండాడు గదా" అని తేల్చేసి నెమ్మదిపడ్డాడు. మేమంతా విరగబడి నవ్వాం. ఆయా కొడుకు మాత్రం నవ్వలేదు. రిమోటు ఒళ్లో పెట్టుకుని నన్ను అడిగాడు, "వాని చేతిలో కట్టె కూడా ల్యా గదా సిస్టర్, మల్ల వాని మాట అందురూ యట్ల ఇంటారు?" ఆట మొదలుపెట్టమన్నాను.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. మన వైపు ఎన్నికలంటే ఎవరు ఎవరిమీద నిలబడ్డారన్నది కాదు, ఎవరు ఎవరి పక్కకు చేరారన్నదే వార్త. అవ్వగారి ఊరి రెండు వర్గాల నాయకులూ ఆ ఏడు ఒకే పార్టీలోకి వచ్చిపడ్డారు. పైన కలిసినప్పుడు కింద కేసులు నడవకూడదు గదా, అందుకని రాజీ కుదిరింది. రాజీ అంటే మీకు తెలుసు. ఈ పక్షం సాక్షులు ఆ కేసులో ఏమీ చూడలేదంటారు, ఆ పక్షం సాక్షులు ఈ కేసులో ఏమీ చూడలేదంటారు, అందరూ ఒక పందిరి కింద కూర్చుని భోంచేస్తారు. చచ్చినవాళ్లు ఎవరి చేతిలోనూ చావనట్టే లెక్క. ఆయా మొగుడి సొంత అన్నదమ్ములే అందుకు ఒప్పుకున్నారు. ఇక మిగిలింది ఆ పిల్లవాడు ఒక్కడు. పోలీసుల దగ్గర వాడు చూసింది చూసినట్టు చెప్పి ఉన్నాడు. కోర్టులో ఇప్పుడు చూడలేదని చెప్పాలి.

ఆయా ఆ రోజుల్లో వార్డు కడుగుతూ కడుగుతూ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయేది. ఒకసారి స్టోరు గదిలో నన్ను పట్టుకుని, "ఎదుటోళ్లు బెదిరిస్తే మట్టి ఎత్తిపోసి శాపనార్థాలన్నా పెడదును సిస్టర్. మావోళ్లే వొద్దంటాండారు, నేను ఎవుర్ని తిట్టేది?" అని ఏడ్చింది. నీ మనసులో ఏముందని అడిగాను. "వాడు సూసినాడు, నేను సూడల్యా. కండ్లారా సూసినోన్ని సూడలేదని సెప్పుమని నేను యట్ల సెప్పేది?" అంది. ఆ పిల్లవాడు మాత్రం ఎవరేమన్నా ఒక్కటే మాట అంటున్నాడట, నేను సూసినా అని.

పిల్లవాడి చిన్నాన్నలు మా ఇంటికీ వచ్చారు. మర్యాదగానే వచ్చి కూర్చున్నారు, మా అమ్మ ఇచ్చిన నీళ్లు తాగారు. ఆ ఆట డబ్బా చూపించి, దీని దగ్గర కూర్చోబెట్టి పిల్లవాడికి నువ్వే మాటలు నేర్పుతున్నావని జనం అనుకుంటున్నారు, ఆడకూతురివి, జాగ్రత్త అన్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. పిల్లవాడికి నేర్పవలసింది ఏమీ లేదు, వాణ్ణి మరిచిపొమ్మని నేర్పుతున్నది మీరే అన్నాను. వాళ్లు లేచి వెళ్లిపోయాక మా అమ్మ పట్టపగలే తలుపుకు గడియ పెట్టింది. మరునాడు ఆసుపత్రిలో పెద్ద సిస్టరు పిలిచి, కొన్నాళ్లు ఆ పిల్లల్ని రానివ్వొద్దమ్మా అని నా మంచికోరే చెప్పింది. నేను రావొద్దనక ముందే అవ్వ మనవడు రావటం మానేశాడు. గేటు దగ్గర కూడా కనిపించలేదు.

సాక్ష్యానికి ముందురోజు మధ్యాహ్నం ఆయా కొడుకు మా ఇంట్లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తల్లికి డ్యూటీ, ఇంట్లో ఉంటే చిన్నాన్నలు వస్తారని ఇక్కడికి పంపింది. అవ్వ మనవడు మా ఇంటి వెనక ప్రహరీ దూకి వచ్చాడు. వెంట మనిషి లేడు. చొక్కాకు సున్నం అంటుకుని ఉంది. వచ్చి చాపమీద తన జాగాలో కూర్చుని రిమోటు తీసుకున్నాడు. ఇద్దరూ ఒక ఆట పూర్తిగా ఆడారు. అన్నిటికంటే గట్టి పక్షం అని ఒకటి ఉండేది మిషనులో, దాన్ని వాళ్లు ఎప్పుడూ ఓడించలేకపోయారు. ఆరోజు ఓడించారు. తెరమీద మనుషులు ఎగురుతుంటే వీళ్లు మాత్రం కదల్లేదు. అప్పుడు అవ్వ మనవడు రిమోటు కింద పెట్టి, అటు తిరగకుండానే చెప్పాడు.

"రేపు నువ్వు చెప్తే నేను మల్ల ఆటకి రాను. చెప్పకపోయినా రాను."

అంతే, లేచి వెళ్లిపోయాడు. ఆ మాట బెదిరింపేమోనని మొదట నేను భయపడ్డాను. ఆయా కొడుకు మొహం చూస్తే నాకు అర్థమైంది. చెప్పకుండా ఉంటే స్నేహమన్నా మిగులుతుందేమోనన్న ఆశ ఒకటి వాడి మనసులో ఏ మూలో ఉంది, ఆ బరువు వాడి మీద లేకుండా వాడి స్నేహితుడే తీసేసి వెళ్లాడు. పన్నెండేళ్లవాడు. అదీ కన్నతండ్రి మీద చెప్పబోయే సాక్ష్యానికి అడ్డు రాకుండా. ఆ తర్వాత ఎంతమంది పెద్దమనుషుల్ని చూశాను గాని అంత పెద్ద మనసు నాకు మళ్లీ కనిపించలేదు.

మరునాడు ఆయాకు తోడుగా నేనూ ప్రొద్దుటూరు వెళ్లాను. కోర్టు ఆవరణంతా తెల్ల చొక్కాలు, జీపులు. నిన్నటిదాకా ఎదురుపడితే నరుక్కునేవాళ్లు ఒకే బండి దగ్గర టీ తాగుతున్నారు. చిన్నాన్నలు ఒకరి తర్వాత ఒకరు బోనెక్కి ఆరోజు మేము ఊళ్లోనే లేమన్నారు. ఇక పిల్లవాణ్ణి పిలిచారు. బోనులో వాడి తల మాత్రమే కనిపిస్తోంది. జడ్జిగారు మెత్తగా, అబద్ధమంటే ఏమిటో తెలుసా బాబూ అని అడిగారు. "జరిగిందాన్ని జరగలేదనడం సార్" అన్నాడు. తర్వాత చూసిందంతా చెప్పాడు, ఎవరు ముందు వచ్చారో, ఎవరి చేతిలో ఏముందో, తండ్రి ఎవరి పేరు పెట్టి పిలిచి వద్దన్నాడో. ముద్దాయిల తరఫు వకీలు నావైపు వేలు చూపించి, ఆ నర్సమ్మ నేర్పిందా అని అడిగాడు. "ఎవురూ నేర్పల్యా. నేను మోటరు కొట్టంలో ఉండా" అన్నాడు. మాట తిప్పలేదు. ఆయా నా చెయ్యి పట్టుకున్న పట్టుకు నా గాజు పగిలింది.

ఆ సాయంత్రమే ఆయా అన్న దువ్వూరు దగ్గర పల్లె నుంచి వచ్చి తల్లినీ కొడుకునూ తీసుకుపోయాడు. సొంత పక్షమే వాళ్లను వెలివేసింది కాబట్టి ఇక జమ్మలమడుగులో ఉండటానికి లేదు. కొన్నాళ్లకు తీర్పు వచ్చింది. అంతమంది పెద్దవాళ్లు చూడలేదన్నాక ఒక్క పిల్లవాడి మాటమీద శిక్ష నిలబడదన్నారు, అందర్నీ వదిలేశారు. జీపులు మా ఆసుపత్రి ముందునుంచే టపాకాయలు కాల్చుకుంటూ పోయాయి. రోగులకు నిద్రమందు ఇచ్చి నేను బాత్రూములో కొళాయి తిప్పుకుని ఏడ్చాను. ఆ డబ్బాను ఊడదీసి గుడ్డలో చుట్టి అటకమీద పెట్టాను. మళ్లీ నేను ఆడలేదు.

ఆ తర్వాత వారమో పది రోజులో గడిచాక అవ్వ పాదానికి కట్టు కట్టటానికి వెళ్తే, మనవడు ఇంట్లో ఉన్నాడు గాని గది తలుపు వేసి ఉంది. పుండు ఎంత లోతుగా కడిగినా ఎప్పుడూ కళ్లనీళ్లు పెట్టని మనిషి ఆరోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తీర్పు వచ్చిన రోజు కొడుకు నేరుగా ఇక్కడికే వచ్చాడట. తల్లికి దండం పెట్టి, పీటమీద కూర్చుని, విస్తరి ముందర పెట్టుకుని, రా నాయనా కలిసి తిందాం అని పిల్లవాణ్ణి పిలిచాడట. పిల్లవాడు గుమ్మంలో నిలబడి ఒక్కటే అడిగాడట, "ఆ పిల్లోడు అబద్ధం చెప్పినాడా నాయనా?" అని. అంత నోరున్న మనిషి, ఊరంతటినీ గడగడలాడించిన మనిషి, ముద్ద కలపకుండానే చెయ్యి కడుక్కుని లేచి జీపెక్కి పోయాడట. "నా కొడుకును కోర్టు ఇడిసిపెట్టింది మా, వీడు ఇడిసిపెట్టల్యా" అంది అవ్వ. అప్పటినుంచి ఆ పిల్లవాడు తండ్రితో కూర్చుని భోంచెయ్యలేదు. ఆ ఏడే దూరంగా అనంతపురం వైపు హాస్టల్లో వేశారు. పెద్దయ్యాక అటే ఎక్కడో పంతులు పనిలో కుదురుకున్నాడని విన్నాను. ఊరి మొహం చూడలేదని కూడా విన్నాను.

ఈ సంగతి ఆయా కొడుక్కు చెప్పకుండా ఉండటానికి నాకు మనసు ఒప్పలేదు. ఒక సెలవురోజు దువ్వూరు బస్సెక్కి, అక్కడినుంచి నడిచి ఆ పల్లెకు వెళ్లాను. మేనమామ పసుపు తోటలో ఆయా కొడుకు నీళ్లు కడుతున్నాడు. చేతిలో పార, మోకాళ్లదాకా బురద. బడికి పోతున్నావా అంటే పోతున్నానన్నాడు. తీర్పు సంగతి వాడికి తెలుసు, తన మాట చెల్లలేదని తెలుసు, నా కళ్లలోకి చూడటంలేదు. గట్టుమీద కూర్చుని అవ్వ చెప్పినదంతా చెప్పాను. తండ్రిని ఆ మాట అడిగాడురా, నీ మాట నమ్మాడురా అన్నాను. పార అలాగే పట్టుకుని కదలకుండా విన్నాడు. వాడి మొహం వెలుగుతుందని, కనీసం ఏడుస్తాడని అనుకున్నాను. వాడు అడిగింది ఒక్కటే.

"వాడు అన్నం తింటాండాడా సిస్టర్?"

అవ్వ విడిగా పెడుతోంది, తింటున్నాడులే అన్నాను. సరేనన్నట్టు తల ఊపి, నీళ్లు పొంగిపోతున్నాయని పక్క మడవ తెంచటానికి పోయాడు.

ఇప్పుడు ఫ్యాక్షన్ లేదంటున్నారు. నిజమే, లేదు. తెగిన చేతులకు కట్లు కట్టి కట్టి విసిగినదాన్ని, అది పోయినందుకు సంతోషించేవాళ్లలో నేను మొదటిదాన్ని. ఆ రెండు వర్గాల నాయకుల కుటుంబాలవాళ్లూ ఇప్పుడు ఒకే ఫ్లెక్సీమీద నవ్వుతుంటారు, ఒకే కాంట్రాక్టులో పొత్తు కలుస్తారు, పెండ్లిళ్లలో ఒకే వరసలో కూర్చుంటారు. ఎవరికీ ఎవరిమీదా కోపం లేదు. చంపినవాళ్ల మనవలకు తాతలు ఏం చేశారో తెలుసు, చచ్చినవాళ్ల మనవలకూ తెలుసు, ఆ కథల్ని ఫోనులో చూసుకుంటూ నవ్వుకుంటారు గాని తాతను ఎదురుగా కూర్చోబెట్టి అడిగేవాడు ఒక్కడు లేడు. ఆ చెడ్డ రోజుల్లో ఒక పిల్లవాడు కన్నతండ్రి మొహం చూసి అడిగాడు. ఇంకొక పిల్లవాడు, అలా అడిగినవాడు అన్నం తింటున్నాడా అని అడిగాడు. ఇప్పుడు అందరూ అన్నీ తెలిసే, కలిసి కూర్చుని కడుపునిండా తింటున్నారు.